పాము కొనదలచినవారు ముందుగా అడుగవలసిన ప్రశ్నలు

మానవుడు జంతువులను చేరదీసి పెంచుట నాగరికత అంత పాతది. కుక్క, ఆవు, మేక, కోడి, చిలుక మన ఇండ్లలో ఎప్పుడో చోటు సంపాదించుకొన్నవి. కాని ఇటీవలి కాలంలో యువకుల మనస్సును ఆకర్షిస్తున్న ప్రాణి వేరొకటి ఉన్నది. అది పాము. పట్టణాలలో కొందరు విదేశీ సర్పాలను భుజాన వేసుకొని తీయించుకొన్న చిత్రాలు ప్రతి సెల్‌ఫోనులోనూ తిరుగుతున్నవి. వాటిని చూచిన మన విద్యార్థులలో కొందరు "ఆరోగ్యమైన పాము ఎక్కడ దొరుకుతుంది? మొదటిసారి పెంచేవారు దానిని ఎవరి వద్ద కొనవలె?" అని ప్రశ్నిస్తున్నారు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట ఉచితం కాదని మా అభిప్రాయం. ప్రశ్న మంచిదే. దాని సమాధానం మాత్రం అడిగినవారు ఊహించిన దారిలో ఉండదు. అందుచేత ఈ విషయాన్ని మన ఓర్వకల్లు ప్రాంతపు స్థితిగతులతో కలిపి క్రమముగా పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం.

1. మన నేల, మన పాములు

కర్నూలు నుండి నంద్యాలకు పోవు మార్గంలో ఓర్వకల్లు చేరగానే రోడ్డు ప్రక్కన విచిత్రాకారాలలో నిలిచిన రాళ్ళ గుంపులు కనబడతవి. ఆ రాతివనాన్ని చూచుటకు ఎక్కడెక్కడినుండో యాత్రికులు వస్తున్నారు. 2021 మార్చిలో విమానాశ్రయం కూడా ఇక్కడ ప్రారంభమైనది. యాత్రికుడు ఆ రాళ్ళలో అందాన్ని చూచును. పాము అదే రాళ్ళలో ఇంటిని చూచును. పగలు ఎండకు కాగిన బండ, దాని క్రింద చల్లని నెరియ, చుట్టూ మెట్టపొలాలు, ఆ పొలాలలో ఎలుకలు: సర్పజాతికి ఇంతకంటె కావలసినది లేదు.

మన ప్రాంతంలో విషసర్పాలు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ చివరిది చిన్నదే, కాని రాతినేలలోను మెట్టభూములలోను విస్తారంగా ఉండును. కోపం వచ్చినపుడు పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడించి రంపపు కోత వంటి చప్పుడు చేయును. విషం లేని వాటిలో జెర్రిపోతు, నీరుకట్టె, కొండచిలువ, రెండు తలల పాము అని మనవారు పిలుచునది ప్రధానమైనవి.

తెలుగు అధ్యాపకులుగా మేము ఇక్కడ ఒక విషయం మనవి చేయక తప్పదు. సర్పశాస్త్రానికి మన భాష చేసిన దానం చిన్నది కాదు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 18వ శతాబ్దపు చివరలో ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణంలో ఉండి, కోరమాండల్ తీరపు సర్పాలను సేకరించి, వాటి వర్ణనలను 1796లో లండనులో అచ్చువేయించినాడు. ఆ గ్రంథంలో ఆయన పాములకు స్థానికులు చెప్పిన పేర్లనే వ్రాసికొన్నాడు. రక్తపింజరకు "కాటుకరేకుల పొడ" అను పేరు అందులోనిదే. "బంగారు పాము" అని మనవారు చెప్పిన మాటను ఆధారంగా చేసికొని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాన్ 1803లో కట్లపాముల ప్రజాతికి "బంగారస్" అని నామకరణం చేసినాడు. నేటికీ ప్రపంచంలో ఏ దేశపు విద్యార్థి కట్లపామును గూర్చి చదివినా ఒక తెలుగు మాటను ఉచ్చరించకుండ ముందుకు పోలేడు. మన పూర్వులు పామును చూచి భయపడినారనుట నిజమే. కాని చూచి, పోల్చి, పేరు పెట్టినారనుట కూడా నిజమే.

2. "ఎక్కడ కొనవలె?" అన్న ప్రశ్నకు చట్టం చెప్పు సమాధానం

మన దేశపు అడవిలోను పొలంలోను పుట్టిన పామును ఎక్కడ కొనవలె అన్న ప్రశ్నకు సమాధానం ఒక్కటే: ఎక్కడా కొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణలు నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువ, రెండు తలల పాము మున్నగువాటికి రక్షణ కల్పించినవి. వీటిని పట్టుట, బంధించి ఉంచుట, అమ్ముట, కొనుట, రవాణా చేయుట నేరములు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం సాధారణ ఉల్లంఘనకు మూడేండ్ల వరకు కారాగారం గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మొదటి షెడ్యూలులోని ప్రాణి విషయంలో శిక్ష మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్ల వరకు పోవచ్చును. జరిమానా పాతికవేలకు తగ్గదు.

ఇక్కడ విద్యార్థులు గ్రహింపవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. అమ్మినవాడే దోషి, కొన్నవాడు అమాయకుడు అన్న భావన లోకంలో ఉన్నది. చట్టం దృష్టిలో అట్లు కాదు. ఎవరి చేతిలో ప్రాణి దొరికినదో అతడు అది తన వద్దకు న్యాయంగా వచ్చినదని చూపవలసి ఉండును. "నాకు తెలియదు" అనుట సమాధానం కాజాలదు.

3. రెండు తలల పాము అను మాయ

మన కర్నూలు, కడప జిల్లాల యువకులకు పాము వ్యాపారం ఎదురయ్యే రూపం పెంపుడు జంతువుల దుకాణం కాదు. అది "రెండు తలల పాము" బేరం. కావున దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఈ పాముకు నిజంగా రెండు తలలు లేవు. దాని తోక మొద్దుగా, గుండ్రంగా తలవలె ఉండును. శత్రువు ఎదురైనపుడు తలను చుట్టల క్రింద దాచి తోకను పైకి చూపును. దెబ్బ తోకపై పడినచో ప్రాణం దక్కును. ఇది ప్రకృతి ఇచ్చిన ఉపాయం. మెత్తని మట్టిలోను ఇసుకలోను దూరి ఉండును. గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. ఎలుకలను చుట్టి బిగించి చంపి తినును. విషం లేదు. రైతుకు జీతం అడుగని కావలివాడు.

ఇంత సాధువైన ప్రాణికి కోట్ల రూపాయల వెల ఉన్నదని ఎవరో పుట్టించిన వదంతి ఊరూరా వ్యాపించినది. ఇంట ఉంటే అదృష్టమనియు, మందులకు పనికివచ్చుననియు, విదేశాలలో గొప్పవారు కొందురనియు చెప్పుదురు. ఇన్ని కిలోలకు మించి తూగినచో ఇంత వెల అని ఒక పట్టిక కూడా నోటినోట తిరుగుచున్నది. వీటిలో దేనికిని శాస్త్రాధారం లేదు.

ఈ మోసం నడిచే తీరు గమనింపదగినది. మొదట మధ్యవర్తి వచ్చును. పామును త్రాసులో పెట్టి తూచిన చిత్రాన్ని పంపమనును. తరువాత "కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు, పరీక్ష చేయించుటకు కొంత సొమ్ము కావలె" అనును. ఆ సొమ్ము చేరిన తరువాత ప్రయాణ ఖర్చు, ఆ తరువాత మరియొక ఖర్చు. ఆ కోటీశ్వరుడైన కొనుగోలుదారు మాత్రం ఎన్నడును కనబడడు. చివరకు వచ్చునది అటవీశాఖవారో పోలీసులో. మన ప్రాంతంలో "రైస్ పుల్లింగ్" పాత్రల పేరిట జరుగు మోసానికి దీనికి కథలో తేడా లేదు. పాత్ర స్థానంలో పాము వచ్చినది. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాలలో వజ్రాల కోసం వెదకువారిని మనం ఎరుగుదుము. అక్కడ కనీసం నేలలో వజ్రం ఉండుట నిజం. ఈ బేరంలో ఆ మాత్రపు నిజం కూడా లేదు.

ఇందులో నష్టపోవువారు ఎవరు? అప్పు తెచ్చి మధ్యవర్తికి ఇచ్చిన పేదవాడు, వాహనం నడుపుటకు కూలికి ఒప్పుకొని అరెస్టయిన కుర్రవాడు, ఉద్యోగ దరఖాస్తులో కేసు వివరాలు వ్రాయవలసి వచ్చిన పట్టభద్రుడు, డబ్బాలో మ్రగ్గి చచ్చిన మూగజీవి. వైల్డ్‌లైఫ్ కన్సర్వేషన్ సొసైటీ వారి భారత విభాగం 2016 నుండి 2021 వరకు పత్రికలలో వచ్చిన వార్తలను క్రోడీకరించగా ఈ ఒక్క పామును పట్టుకొన్న సంఘటనలు దేశంలో 172 తేలినవి. వార్తకు ఎక్కనివి ఇందులో చేరలేదని వేరుగా చెప్పనక్కరలేదు.

4. విదేశీ సర్పాల సంగతి

"మన దేశపు పాము వద్దు, దుకాణాలలో దొరికే విదేశీ పామును కొనవచ్చును గదా?" అని తెలివైన విద్యార్థి అడుగును. పాశ్చాత్య దేశాలలో మొదటిసారి పెంచువారు సాధారణంగా ఎంచుకొనునవి రెండు. ఒకటి అమెరికా ఆగ్నేయ ప్రాంతపు కార్న్ స్నేక్. రెండవది పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలకు చెందిన బాల్ పైథాన్. రెండింటికిని విషం లేదు. రెండవది అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించు సైటీస్ ఒడంబడికలో చేరిన ప్రాణి. ఆ ఒడంబడిక 1975లో అమలులోనికి వచ్చినది. భారతదేశం 1976లో అందులో చేరినది.

2022 సవరణ ఆ ఒడంబడికలోని ప్రాణులను మన చట్టపు నాలుగవ షెడ్యూలులోనికి తెచ్చినది. 2024 ఫిబ్రవరి 28న వెలువడిన నియమాల ప్రకారం అట్టి ప్రాణి కలవారు "పరివేష్" అను ప్రభుత్వ వేదిక ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని వద్ద దానిని నమోదు చేయించవలెను. అది పిల్లలు పెట్టినా, చేతులు మారినా, చనిపోయినా తెలియజేయవలెను. కావున అమ్మువాని వద్ద నమోదు పత్రం లేనిచో అక్కడ బేరం ముగిసినట్లే.

పత్రాలు లేని ప్రాణులు ఎట్లు వచ్చునో తెలిసికొన్నచో కొనవలెనన్న కోరిక సగం చల్లారును. 2023 ఏప్రిల్ 28న కౌలాలంపూరు నుండి మద్రాసు విమానాశ్రయంలో దిగిన ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికినవి. 2024 ఏప్రిల్‌లో బ్యాంకాకు నుండి బెంగుళూరు చేరిన ఒక ప్రయాణికుని పెట్టెలో 10 పసుపు అనకొండలు బయటపడినవి. గాలి, నీరు లేక గంటల తరబడి సంచులలో మూటకట్టబడి వచ్చిన ప్రాణి ఆరోగ్యవంతంగా ఉండునని ఎట్లు ఆశింపగలము? చట్టం మాట అటుంచినా, ఆరోగ్యం దృష్ట్యా కూడా దొంగసరుకు చెడ్డ సరుకే.

5. ఆరోగ్యం గల పామును గుర్తించుట ఎట్లు?

చట్టబద్ధంగా పెంచుటకు వీలున్న దేశాలలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఈ కళాశాల పూర్వ విద్యార్థులు కూడా అక్కడక్కడ ఉండవచ్చును. వారికి పనికివచ్చుటకును, ఇక్కడివారికి జ్ఞానం కొరకును కొన్ని సూత్రాలను ఇక్కడ పేర్కొంటున్నాము.

ఎమ్మిగనూరు సంతలో ఎద్దును కొను రైతు ఏమి చేయునో మనకు తెలియును. పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగు అడుగులు నడిపించి చూచును, "ఎందుకు అమ్ముచున్నావు?" అని అడుగును. బక్రీదుకు ముందు పొట్టేలును ఎంచు ఇంటిపెద్ద కూడా కుంటిది, గ్రుడ్డిది, చిక్కిపోయినది కాకుండ చూచుకొనును. పాము విషయంలోను సూత్రం ఇదే. చూడవలసిన అవయవాలు మాత్రమే వేరు.

మొదటిది పుట్టుక. అడవి నుండి పట్టి తెచ్చినదానిని విడిచి, పెంపకంలోనే పుట్టినదానిని ఎంచవలెను. అడవి పాముల కడుపులో పరాన్నజీవులు ఉండుట సాధారణం. బందీగా ఉంచగానే అవి తిండి మానుట కూడా సాధారణం. అందుచేత దుకాణం కంటె, తానే పెంచి పిల్లలను పుట్టించిన పెంపకందారు మేలు. పుట్టిన తేది, తిన్న రోజులు, కుబుసం విడిచిన రోజులు అతడు వ్రాసి ఉంచును. ఆ లెక్క చూపలేనివాడు పెంపకందారు కాదు, కేవలం అమ్మకందారు.

రెండవది దేహం. పాము శరీరం నిండుగా, బిగువుగా ఉండవలెను. వెన్నెముక పైకి పొడుచుకొని వచ్చినచో తిండి లేక కృశించినదని అర్థం. చేతిలోనికి తీసికొన్నపుడు సత్తువతో చేతిని పట్టుకొనవలెను, నాలుకను తరచుగా చాపవలెను. తడిగుడ్డవలె వ్రేలాడునది రోగి.

మూడవది కన్ను, నోరు, శ్వాస. కండ్లు స్వచ్ఛంగా ఉండవలెను. కుబుసం విడుచుటకు ముందు మాత్రం అవి పాలరంగు తిరుగును; అది రోగం కాదు. నోటి చివర నురుగు, చిగుళ్ళలో ఎరుపు లేక చీము, ఊపిరి తీసినపుడు గురగుర శబ్దం, నోరు తెరచి శ్వాసించుట, ఇవి నోటి వ్యాధికిగాని ఊపిరితిత్తుల వ్యాధికిగాని గుర్తులు.

నాలుగవది చర్మం. గడ్డం క్రింద, కంటి చుట్టూ, పొలుసుల సందులలో నల్లని చుక్కలవంటివి కదలుచున్నచో అవి రక్తం పీల్చు పురుగులు. పాము ఎల్లప్పుడు నీటిపాత్రలోనే పడి ఉన్నచో అనుమానింపవలెను. పాత కుబుసం ముక్కలు అతుక్కొని ఉండుట, మలద్వారం వద్ద ఎండిన మలినం ఉండుట మంచి లక్షణాలు కావు.

ఐదవది తిండి. కొనుటకు ముందు తమ ఎదుట ఒకసారి ఆహారం పెట్టి చూపమని కోరవలెను. పాము పాలు త్రాగదు. పాలు దానికి ఆహారం కాదు. అది మాంసాహారి. ఎలుకను పెట్టుటకు మనస్సు ఒప్పనివారు పాము పెంపకాన్ని గూర్చి ఆలోచింపనక్కరలేదు.

ఇవన్నియు సరిపోయినను ఇంకొక లెక్క మిగులును. కార్న్ స్నేక్ 15, 20 ఏండ్లు, బాల్ పైథాన్ 20 నుండి 30 ఏండ్లు బ్రతుకును. ఇరవై ఏండ్ల వయస్సులో సరదాకు కొన్న ప్రాణి ఆ యువకునికి పెండ్లియై పిల్లలు బడికి పోవునాటికి కూడా ఇంటిలో ఉండును. పాము శీతరక్తజీవి, దాని ఒంటి వేడి బయటి వేడిని అనుసరించును. బాల్ పైథాన్‌కు 26 నుండి 32 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య వేడి ఉండవలెను. కర్నూలు ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుట మనకు అలవాటే. అడవిలోని పాము నెరియలోనికి దిగి చల్లబడును. గాజుపెట్టెలోని పాము ఎక్కడికి దిగును? కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం చాలు. జబ్బు చేసినచో పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడు మన తాలూకాలలో దొరకుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

6. కొనక చూచు మార్గాలు

పాములపై ఆసక్తి దోషం కాదు. ఆ ఆసక్తిని తీర్చుకొనుటకు కొనుటయే మార్గం కాదు. హైదరాబాదులో 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాల, తిరుపతిలో 1987లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల మనకు అందుబాటులోనివే. మద్రాసు గిండీలోని సర్పోద్యానం కేవలం పాముల పరిచయం కొరకే వెలసినది. బట్టమేక పిట్ట కొరకు 1988లో ఏర్పరచిన రోళ్ళపాడు అభయారణ్యం మనకు దగ్గరలోనే ఉన్నది. అక్కడి గడ్డి మైదానంలో పాము తన ఇంటిలో ఎట్లు బ్రతుకునో తెలిసినవారి వెంట పోయి తెలిసికొనవచ్చును.

పామును చట్టబద్ధంగా పట్టి జీవించువారు కూడా ఉన్నారని తెలిసినచో ఆశ్చర్యం కలుగవచ్చును. పాము చర్మాల వ్యాపారం నిషేధింపబడిన తరువాత జీవనం కోల్పోయిన తమిళనాడులోని ఇరులర్లు 1978లో ఒక సహకార సంఘంగా ఏర్పడినారు. ప్రభుత్వ అనుమతితో నాలుగు రకాల విషసర్పాలను పట్టి, కొన్ని దినములు ఉంచి, విషం తీసి, తిరిగి విడిచిపెట్టుదురు. ఆ విషంతోనే పాముకాటుకు విరుగుడు మందు తయారగును. పాము వలన సొమ్ము సంపాదించిన మార్గాలలో మాకు తెలిసినంతలో ఇంతకంటె గౌరవప్రదమైనది లేదు. రెండు తలల పాము బేరానికిని దీనికిని ఎంత దూరమో విద్యార్థులు తామే ఆలోచింతురు గాక.

7. కాటు విషయం

పామును ముట్టదలచినవాడు మొదట కాటును గూర్చి తెలిసికొనవలెను. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన ఏటా సగటున 58 వేలమంది మరణించినారని 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. చనిపోయినవారిలో అధికులు పల్లెవారు, పొలం పనివారు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించవలెనని సంకల్పించినది.

కాటు వేసినపుడు కోయరాదు, నోటితో పీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు, మంత్రం కొరకు కాలం గడపరాదు. కరచిన అవయవాన్ని కదలనీయక, ధైర్యం చెప్పి, వెంటనే విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. మన దేశంలో వాడు విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాములకు కలిపి పనిచేయును. కావున పామును పట్టి తెచ్చుటకు ప్రయత్నించి రెండవ కాటు తినవలసిన పని లేదు. ఇంటిలో పాము కనబడినచో కర్ర తీయుటకు బదులు దూరంగా నిలిచి, అటవీశాఖవారికి కబురు చేయుట మేలు.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చెదము. మన నేలలోని పామును ఎక్కడా కొనరాదు. విదేశీ పామును పత్రం లేనివాని వద్ద కొనరాదు. పత్రం ఉన్నను, ఇరువది ఏండ్ల బాధ్యతను, మన ఎండలను లెక్కించుకొనక కొనరాదు. ఎవరైనను వచ్చి "రెండు తలల పాము ఉన్నది, కోట్లు వచ్చును" అనినచో, ఆ కోట్లు అతనికే ఎందుకు రాలేదో అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న మీ చదువును, మీ ఇంటి పరువును కాపాడును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న విన్నపం. నాలుగు విషసర్పాలను, నాలుగు సాధుసర్పాలను చూపు ఒక పటాన్ని తెలుగులోను ఉర్దూలోను పేర్లు వ్రాయించి ప్రతి తరగతి వసారాలో వ్రేలాడదీయించవలెనని, ఏడాదికి ఒక దినం అటవీశాఖ అధికారిని, వైద్యుని పిలిపించి విద్యార్థులతో మాట్లాడించవలెనని మా కోరిక. ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం. పొలం నుండి నేరుగా తరగతికి వచ్చు పిల్లలు మన కళాశాలలో ఎందరో ఉన్నారు. ఆ పటాన్ని చూచి నేర్చిన ఒక్క విద్యార్థి తన తండ్రిని సకాలంలో కర్నూలు ఆసుపత్రికి చేర్చగలిగినచో ఆ ఖర్చుకు ఫలం దక్కినట్లే.